పలకని నాలుగో పేరు

"ఈ ముసలావిడని కారెక్కిస్తావా, నన్నే ఎక్కించుకోమంటావా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ డెక్లన్ టాఫ్.

 జవాబిస్తే నోరు జారుతుందని నాకు తెలుసు. టాఫ్ ఉద్యోగం డబ్లిన్‌లో, పుట్టింది కిల్కెన్నీలో. మా వెక్స్‌ఫర్డ్ వాళ్ళకి మనిషిని దూరం పెట్టడానికి ఆ రెండిట్లో ఏదో ఒకటి చాలు. పక్క ఊళ్ళో వేరే పనిమీద ఉన్నవాడు, దెబ్బ తగిలింది అమెరికా పిల్లకని పైనుంచి ఫోను రాగానే గంటలో మా రేవులో వాలాడు.

మేము నిలబడింది హానోరా ఓడ కెప్టెన్ గదిలో. అసలు హానోరా నూట డెబ్బై ఏళ్ళ కిందటి కరువు రోజుల్లో మా జనాన్ని కెనడాలోని క్విబెక్‌కి మోసుకుపోయి, తర్వాత ఎక్కడో మునిగిపోయింది. ఇది దాని నకలు. నదిలో రేవుకి కట్టేసి మ్యూజియం చేశారు. వలసపోయినవాళ్ళ మునిమనవలు వస్తారు, చూస్తారు, ఏడుస్తారు, టీ తాగి వెళ్తారు.

గదిలో బెంచీ మీద కూర్చున్నది ఫిలొమినా సిన్నాట్. డెబ్బై తొమ్మిదేళ్ళు. పాతకాలపు శాలువా, తెల్ల టోపీ వేషంలోనే ఉంది. ఇరవై ఏళ్ళుగా ఈ ఓడ మీద జీతం లేకుండా పనిచేస్తోంది. ఎక్కే ప్రతి మనిషికీ చేతిలో టికెట్ పెట్టేది ఈవిడే.

"మళ్ళీ మొదట్నించి చెప్పండి," అన్నాడు టాఫ్.

"నాలుగోసారి చెప్తున్నా నాయనా. మీ కిల్కెన్నీలో చెవులు అద్దెకిస్తారా ఏమిటి?" అంది ఫిలొమినా. నవ్వు రాకుండా కిటికీలోంచి నదిని చూశాను.

ఆవిడ చెప్పింది ఇది. పదకొండు గంటలకి పద్నాలుగు మంది ఓడెక్కారు. వాళ్ళలో రోవన్ ప్రాట్ అనే ఇరవై ఆరేళ్ళ అమ్మాయి, మసాచుసెట్స్‌లోని వూస్టర్ నుంచి వచ్చింది. పదకొండూ ఐదుకి ఆ పిల్ల ఫిలొమినాని పక్కకి పిలిచి, 2013లో సందర్శకులు సంతకాలు పెట్టిన పుస్తకం చూడొచ్చా అని అడిగింది. మా అమ్మ ఆ ఏడు ఇక్కడికొచ్చింది, ఆవిడ చేతిరాత చూసుకోవాలి, పోయిన చలికాలం చనిపోయింది అంది. ఫిలొమినా ఈ గదికి తీసుకొచ్చి, అలమర తాళం తీసి, పుస్తకం ఇచ్చి కూర్చోబెట్టింది. పదకొండూ ఇరవైకి తను ఆనాటి ప్రయాణికులుండే కింది అరలో మిగతావాళ్ళకి కథ చెప్పాలి కనక వెళ్ళిపోయింది.

పదకొండూ నలభైకి ఓడ పనివాడు మోగ్ కెహో ఈ గది వెనక నిటారు మెట్ల కింద రోవన్‌ని చూశాడు. తల వెనక దెబ్బ, స్పృహ లేదు, మేమొచ్చాక ఆసుపత్రికి పంపాం. పుస్తకం లేదు.

"తాళంచెవి మీ దగ్గరే. ఆఖరిసారి పిల్లతో ఉన్నదీ మీరే," అన్నాడు టాఫ్. తర్వాత జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి బల్లమీద పడేశాడు. "ఇది మీ సంచిలో దొరికింది. ఇరవై ఏళ్ళ పేర్లు. అన్నీ అమెరికా ఆడవాళ్ళవే. పేరు, ఊరు, పుట్టినతేదీ. ప్రతి పేరు పక్కనా 'కాదు', 'కాదు', 'కాదు'. ఏమిటిది? ఎవర్ని దోచుకోవాలో వెతుకుతున్నారా?"

ఫిలొమినా మొహం పాలిపోయింది.  అది చూసి టాఫ్‌కి కొండంత బలమొచ్చింది.

"కారు తెప్పించు, సార్జెంట్ ఫర్లాంగ్."

"సార్, ఒక్క పది నిమిషాలు ఆగండి."

"ఎందుకు?"

"ఇవాళ పెద్ద ఆటు. నీళ్ళు బాగా తీసినప్పుడు ఓడ కిందికి దిగి, రేవు నుంచి ఎక్కే చెక్క వంతెన గోడలా నిలబడుతుంది. మోగ్ దానికి గొలుసు వేసేస్తాడు. ఇవాళ పదకొండూ ఇరవై అయిదుకి వేశాడు. మళ్ళీ తీసింది మన జీపు వచ్చాకే. అంటే ఆ పిల్లని పడేసినవాడు ఓడ మీదే ఉన్నాడు, పుస్తకమూ ఓడ మీదే ఉంది. ఆవిడ దగ్గర లేదుగా?"

"దాచి ఉంటుంది. మావాళ్ళు కింది అరలో పరుపులు, పెట్టెలు అన్నీ తీసి చూస్తున్నారు. పది నిమిషాలు. పదకొండోది లేదు," అని టాఫ్ విసురుగా బయటికి వెళ్ళాడు.

నేను ఫిలొమినా పక్కన కూర్చున్నాను. చిన్నప్పుడు బడి పిల్లలందరితో ఈ ఓడ చూడ్డానికొచ్చి నేను వాంతి చేసుకుంటే, గౌను కడిగి ఇంటికి పంపింది ఈవిడే. నాకు ఆవిడ మీద అనుమానం పుట్టదు. పుట్టకూడదని కాదు, పుట్టదు అంతే.

"ఆ పుస్తకం సంగతి నాకు చెప్పండి. టాఫ్‌కి చెప్పక్కర్లేదు."

శాలువా అంచు వేళ్ళతో నలిపింది.

"1964 మార్చి తొమ్మిది," అంది చివరికి. "నాకు పందొమ్మిదేళ్ళు. పెళ్ళి కాలేదు. మా నాన్న నన్ను మిసెస్ కాల్ఫర్ నర్సింగ్ హోమ్‌లో పడేసి వచ్చాడు. ఆడపిల్ల పుట్టింది. ఎనిమిది రోజులు పాలిచ్చాను. తొమ్మిదో రోజు లేచేసరికి ఉయ్యాల్లో లేదు. ఎక్కడని అడిగితే, అమెరికాలో మంచి ఇంటికెళ్ళింది, నువ్వు మర్చిపో అంది కాల్ఫరమ్మ. మర్చిపోతానా తల్లీ! కాయితం ముక్క లేదు, పేరు లేదు. ఎక్కడని వెతకను? ఇంతలో ఈ ఓడ వచ్చింది. అమెరికా వాళ్ళందరూ వచ్చి ఎక్కుతున్నారు. నా పిల్ల కూడా ఎప్పుడో ఒకరోజు ఎక్కకపోతుందా అనుకున్నాను. ఈడు చూసి, కాస్త నవ్వించి, మీ పుట్టినరోజెప్పుడమ్మా అని అడుగుతాను. మార్చి తొమ్మిది అని ఒక్కళ్ళంటే చాలు."

"ఎవరూ అన్లేదా?"

"ఇద్దరన్నారు. ఒకావిడ అచ్చం వాళ్ళమ్మ పోలికే, ఫోటో చూపించింది. ఇంకొకావిడ నల్లజాతి మనిషి." ఆవిడ నవ్వబోయి, నవ్వలేకపోయింది. "నెస్సా, నన్ను జైల్లో పెట్టినా పెట్టండి. ఈ ఓడ మీంచి మాత్రం దింపెయ్యకండి. నేను లేని రోజున అది వస్తే ఎలాగ?"

 మా ఉద్యోగంలో ఏం విన్నా తర్వాతి ప్రశ్న అడగాలి. అడిగాను.

"కింద కథ చెప్తున్నప్పుడు తేడాగా ఏమైనా జరిగిందా? ఎంత చిన్నదైనా సరే."

"ఒక పేరు పలకలేదు," అంది.

"అంటే?"

"టికెట్ మీద ఆనాటి ప్రయాణికుడి పేరు రాసుంటుంది కదా. ఈస్టర్ నుంచి నేనో కొత్త పద్ధతి పెట్టాను. కింది అరలో దీపం తగ్గించి, దారిలో చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతాను. ఆ టికెట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు అందరికంటే ముందు మెట్లెక్కి పైకెళ్ళాలి, మాట్లాడకుండా డెక్కు అంచున నిలబడాలి. శవాల్నే కదా ముందు పైకి తెచ్చేవాళ్ళు. బతికినవాళ్ళు తర్వాత ఎక్కుతారు. ఇవాళ నలుగురి పేర్లు చదివాను. ముగ్గురే లేచారు. నాలుగో పేరుకి ఎవరూ కదల్లేదు. సిగ్గుపడ్డారేమోలే అనుకున్నాను."

"ఏ పేరు?"

"మార్గరెట్ బ్రెన్. ఆరేళ్ళ పిల్ల. ఇరవై మూడో రోజు జ్వరంతో పోయింది."

రోవన్ కోటు జేబులో దొరికిన టికెట్ నేనే కవర్లో పెట్టాను. దాని మీద జాన్ కలెన్ అని ఉంది. అంటే మార్గరెట్ టికెట్ ఇంకెవరి దగ్గరో ఉంది, ఆ మనిషి పదకొండున్నర ప్రాంతంలో కింద లేడు.

"ఈ కొత్త పద్ధతి మ్యూజియం కమిటీకి తెలుసా?"

"చెప్తే దానికో ఉపసంఘం వేసి క్రిస్మస్ దాకా నానబెడతారు. ఎందుకు చెప్తాను?"

నేను డెక్కు మీదకి వచ్చాను. మోగ్ కెహో స్తంభం కింద తాళ్ళు చుడుతున్నాడు. అరవై ఏళ్ళవాడు, మాటలు తూకం వేసి అమ్ముతాడు.

"మోగ్, చనిపోయినవాళ్ళు ఎంతమంది వచ్చి నిలబడ్డారు?"

"ముగ్గురు సార్జెంటమ్మా. జర్మనీ మొగుడూ పెళ్ళాం, కెనడా పాస్టరు."

"బతికినవాళ్ళు పైకొచ్చినప్పుడు మ్యూజియం ఛైర్మన్‌గారు వాళ్ళలో ఉన్నారా?"

మోగ్ తాడు చుట్టడం ఆపాడు. "రాలేదు. ఆయన అప్పటికే పైన ఉన్నాడు. అదిగో, ఆ కోళ్ళ గూడు దగ్గర. మీకెలా తెలుసు?"

నాకు తెలీదు, ఊహించాను. పద్నాలుగు మందిలో మా ఊరివాడు ఒక్కడే, రెడ్మండ్ కాల్ఫర్. ఇళ్ళూ పొలాలూ అమ్మిపెట్టే వ్యాపారం, మ్యూజియం ట్రస్టుకి ఛైర్మన్. ఆ నర్సింగ్ హోమ్ నడిపిన కాల్ఫరమ్మకి ఒక్కగానొక్క కొడుకు. పదకొండేళ్ళుగా ఓడ ముందు రిబ్బన్లు కత్తిరించి ఫోటోలు దిగిన పెద్దమనిషి. ఏనాడూ కింది అరలోకి దిగి ఎరగడు. ఇవాళే ఎందుకు టికెట్ తీసుకున్నాడు?

అప్పటికి టాఫ్ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి టీ కూడా ఇప్పించాడు. ఇద్దరూ ముచ్చట్లాడుతున్నారు.

"రా అమ్మాయ్ నెస్సా," అన్నాడు కాల్ఫర్. "మీ నాన్నకి ఇల్లు కొనిపెట్టింది నేనేనని ఇన్‌స్పెక్టర్‌గారికి చెప్తున్నాను."

"కప్పు కారే ఇల్లు అని కూడా చెప్పారా?"

"ఫర్లాంగ్!" అన్నాడు టాఫ్. "ఆయన్ని అడగాల్సినవన్నీ అడిగేశాను. ఆయన పర్యటన మొత్తం కిందే ఉన్నారు. నీ పది నిమిషాలు అయిపోయాయి."

"ఇంకా మూడున్నాయి సార్. నా గడియారం వెక్స్‌ఫర్డ్‌ది, నెమ్మదిగా నడుస్తుంది." కాల్ఫర్ వైపు తిరిగాను. "ఇవాళ మామూలు జనంతో కలిసి చూశారట. బాగుందా?"

"గుండె బరువెక్కింది. మన పూర్వీకులు పడ్డ కష్టాలు..."

"ఎవరి టికెట్ వచ్చింది మీకు?"

కోటు పైజేబులోంచి తీసి గర్వంగా చూపించాడు. "మార్గరెట్ బ్రెన్. పాపం, చిన్నపిల్ల."

"చివరిదాకా కింద ఉన్నారా?"

"ఉన్నాను. ఆడవాళ్ళని ముందు ఎక్కనిచ్చి, అందరికంటే వెనక నేనెక్కాను."

"మార్గరెట్ అవతలి ఒడ్డు చేరిందా?"

రెప్ప వాల్చినంత సేపు తడుముకున్నాడు. "చేరింది. ఫిలొమినా చెప్పిందిగా. చక్కగా చేరింది."

నేను టాఫ్ వైపు చూశాను. "సార్, ఆ పిల్ల ఇరవై మూడో రోజు చనిపోయింది. కింద ఉన్న ప్రతి మనిషీ ఆ మాట విన్నాడు. ఆ టికెట్ ఉన్నవాళ్ళు అందరికంటే ముందు పైకొచ్చి డెక్కు అంచున నిలబడాలి. ఈయన నిలబడలేదు, మోగ్ సాక్షి. ఎందుకంటే ఈయన అసలు కింద లేరు."

కాల్ఫర్ కప్పు సాసర్ మీద పెట్టేశాడు.

"ఇది మరీ అన్యాయం," అన్నాడు. "ఎవరో కట్టుకథ చెప్తే..."

"మీ కోటు చేతి మడతలో గడ్డిపోచ ఉంది. ఈ ఓడలో గడ్డి రెండే చోట్ల ఉంటుంది. ఒకటి, కింది అరలో పరుపుల్లో."

"అక్కడే అంటుకుని ఉంటుంది," అన్నాడు టాఫ్ అలవాటుగా. ఆ వెంటనే తనే నాలిక కరుచుకున్నాడు. "కానీ ఈయన అక్కడ లేడు."

"రెండోది అదిగో."

కోళ్ళ గూడు డెక్కు మధ్యలో ఉంటుంది. ఆనాటి ఓడల్లో గుడ్ల కోసం కోళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు. ఇక్కడున్నవి రంగులేసిన చెక్క కోళ్ళు. టాఫ్ మనుషులు పరుపులు చీల్చారు, పెట్టెలు తిరగేశారు. చెక్క కోడిని లేపి చూడాలని మాత్రం ఒక్కడికీ తట్టలేదు. నేను చేతికి తొడుగు వేసుకుని మూడో కోడిని పక్కకి జరిపాను. గడ్డి కింద ఎర్ర అట్ట పుస్తకం, మీద బంగారు అంకెలు, 2013.

టాఫ్ వంగి పుస్తకం చూశాడు. "ముందే చెప్పొచ్చుగా, ఫర్లాంగ్."

"మీరు అడగనిస్తేగా."

కాల్ఫర్ కూర్చున్నచోటే ఒరిగిపోయినట్టయ్యాడు. ఆ మనిషిని నేను ఎప్పుడూ ఇష్టపడలేదు. అయినా అంత పెద్ద దేహం అలా కుంగిపోతుంటే చూడలేకపోయాను.

"నెట్టలేదు," అన్నాడు. "పుస్తకం లాక్కున్నాను. ఆ పిల్ల వదల్లేదు. నేను గట్టిగా లాగేసరికి చెయ్యి జారి వెనక్కి పడింది. మెట్ల తలుపు తెరిచి ఉందని చూసుకోలేదు."

"పడ్డాక చూశారుగా. చూసి, కోడి కింద పుస్తకం దాచి, టీ తాగారు."

తల దించుకున్నాడు.

"ఎందుకండీ? ఒక సంతకాల పుస్తకం కోసం?"

"నిన్న మా ఇంటికొచ్చింది. వాళ్ళమ్మ పుట్టిన కాగితం చూపించింది. కింద మా అమ్మ సంతకం. వాళ్ళమ్మ పోయాక ఈ పిల్ల డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే, వాళ్ళమ్మని పెంచినవాళ్ళు సొంతవాళ్ళు కాదని తేలిందట. అసలు తల్లి ఎవరని అడిగింది. రికార్డులన్నీ కాలిపోయాయని అబద్ధం చెప్పాను. వెళ్తూ వెళ్తూ, రేపు ఓడ దగ్గరికి పోతాను, అమ్మ అక్కడ టికెట్లిచ్చే ఆవిడ గురించి ఏదో రాసిందట, ఎన్నోసార్లు చెప్పింది, అది చదువుకుంటాను అంది." కప్పు పక్కకి నెట్టాడు. "నిన్న సాయంత్రం మా అమ్మ రిజిస్టరు తీసి చూశాను. వాళ్ళమ్మ వరసలో కన్నతల్లి పేరుంది."

ఎవరి పేరని నేను అడగలేదు. అడగకుండానే ఫిలొమినా చెప్పిన మార్చి తొమ్మిది గుర్తొచ్చింది.

"మా అమ్మకి తొంభై మూడేళ్ళు. నన్నే గుర్తుపట్టదు. పిల్ల ఏడుస్తోంది, ఎవరైనా ఎత్తుకోండి అని రోజంతా అరుస్తుంది. ఆ పిల్లా, టికెట్లిచ్చే ఆవిడా ఆ రాత చూసి మాట్లాడుకుంటే ఆ మంచం పక్కకి పోలీసులొస్తారని భయపడ్డాను. అంతే నెస్సా."

"కాగితం మీద పుట్టినతేదీ ఏముంది?"

"మే రెండు. అమ్మ ఎప్పుడూ తేదీ మార్చేసేది. పెంచుకునేవాళ్ళకే పుట్టినట్టు రాసి, రెండు మూడు నెలలు ముందుకో వెనక్కో జరిపేది. ఎవరూ వెతుక్కుంటూ రాకూడదని."

వెనక చిన్న చప్పుడైంది. కెప్టెన్ గది తలుపు దగ్గర ఫిలొమినా నిలబడి ఉంది. అంతా విన్నది. తలుపు చెక్క పట్టుకుని ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చింది.

"మే రెండా?" అంది. కాల్ఫర్‌ని కాదు, నన్ను. "ఇరవై ఏళ్ళు నేను తప్పు ప్రశ్న అడిగానా అమ్మాయ్?"

 నోటుపుస్తకంలో ఆ 'కాదు'లన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి.

సాక్ష్యం కవర్లో పెట్టేదాకా దాన్ని ఎవరూ తాకకూడదు. టాఫ్‌కి నాకంటే బాగా తెలుసు ఆ సంగతి. నన్ను చూశాడు, ఆవిడని చూశాడు. తర్వాత కాల్ఫర్ రెక్క పట్టుకుని లేపి, మాకు వీపు పెట్టి, వంతెన వైపు నడిపించుకుపోయాడు. ఆ ఒక్క పనికి అతనికి కిల్కెన్నీలో పుట్టిన పాపం మాఫీ చేశాను.

పుస్తకం కోళ్ళ గూడు మీద పెట్టి పేజీలు తిప్పాను. జూలై పద్నాలుగు తేదీ కింద ప్రాట్ అనే పేరు దొరికింది. నీలం సిరా, గుండ్రటి రాత. ఫిలొమినాకి కళ్ళజోడు లేదు. చదవమంది. చదివాను.

"ఎలీన్ ప్రాట్, వూస్టర్. ఓడ చాలా బాగుంది. టికెట్ ఇచ్చినావిడ నన్ను నవ్వించి, నా పుట్టినరోజు అడిగారు. చెప్పాక కూడా కాసేపు నా చెయ్యి వదల్లేదు. ఎందుకో నాకూ విడిపించుకోవాలనిపించలేదు."

ఫిలొమినా ఆ పేరు మీద వేలు పెట్టింది. నేను వద్దనలేదు. వేలు ఆ గుండ్రటి అక్షరాల వెంట మెల్లగా కదిలింది, ఆగింది, మళ్ళీ మొదటికొచ్చింది.

"వచ్చిందన్నమాట," అంది. "నా దగ్గరికే వచ్చింది. ఈ చెయ్యే పట్టుకున్నాను."

"అవునండీ."

"మొహం గుర్తు రావట్లేదు." ఒక్కసారిగా నా మణికట్టు పట్టుకుంది. "నెస్సా, నాకు దాని మొహం గుర్తు రావట్లేదు! ఎంతమందో ఎక్కారు, ఎంతమందో దిగారు. కాదని రాసి పేజీ తిప్పేశాను. నల్ల జుట్టా, ఎర్ర జుట్టా? పొడుగా? ఏమీ లేదు. ఒక్క ముక్క లేదు నా దగ్గర."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. రెండు కళ్ళూ మూసుకుని, పోయిన పదకొండేళ్ళలోకి వెనక్కి పోయి తడుముతోందని తెలుస్తూనే ఉంది. నేను మణికట్టు విడిపించుకోలేదు. సెల్‌ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి.

"రోవన్ కళ్ళు తెరిచింది," అన్నాను. "మాట్లాడుతోందిట. ఎవరైనా తనవాళ్ళున్నారా అని డాక్టరు అడుగుతున్నారు."

ఫిలొమినా కళ్ళు తెరిచింది. తల మీది తెల్ల టోపీ తీసి కోళ్ళ గూడు మీద పెట్టింది. చేతులతో జుట్టు సవరించుకుంది.

"ఉన్నారని చెప్పు," అంది.

పోటు మొదలైంది, వంతెన వాలు కాస్త తగ్గింది. మోగ్ ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకుని రేవు మీదకి ఎక్కించాం. కారులో పక్కసీట్లో కూర్చుని బెల్టు పెట్టుకునేదాకా ఆవిడ మాట్లాడలేదు.

"ఎలీన్‌కి ఏం తింటే ఇష్టమో, దేనికి నవ్వేదో, పాడేదో లేదో... ఆ పిల్లకి తెలుస్తుంది కదూ?"

"కన్నకూతురు. తెలియకేం? అన్నీ చెప్తుంది."

"ఈ ఓడెక్కేనాటికి నలభై తొమ్మిదేళ్ళవి, ఆ తర్వాత ఇంకో పదేళ్ళవి. యాభై తొమ్మిదేళ్ళ కబుర్లు," అంది ఫిలొమినా. "కాస్త తొందరగా పోనీ అమ్మాయ్. నాకు డెబ్బై తొమ్మిది."